బ్రేకుకు ముందే బాక్స్‌కు అందే కబురు

ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇంట్లో రికార్డింగ్ సౌకర్యం ఉన్న డిష్ బాక్స్ ఉంది. అమ్మగారు రాత్రి తెలుగు సీరియళ్లు రికార్డు పెట్టుకుని, మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా చూస్తారు. పాజ్ నొక్కినా, యాడ్లు దాటేయడానికి ఫార్వర్డ్ నొక్కినా తెర మీద ఏదో ఒక ప్రకటన పట్టీ వచ్చి కూర్చుంటోంది. ఆంధ్రలో, పార్వతీపురంలో ఉన్న చెల్లెలు అదే ఛానల్ అదే టైముకు చూస్తుంటే, అక్కడ బ్రేకులో వేరే యాడ్ వస్తోందట. పైగా టీవీలో చూసిన వస్తువే కాసేపటికి ఫోన్లో ప్రత్యక్షం. “ప్రసారంలో దాచిపెట్టిన సిగ్నల్ ఏదో మా బాక్స్‌ని ఆడిస్తోందని ఎవరో అన్నారు. నిజమేనా? బాక్స్ మన మాటలు వింటోందేమోనని అమ్మ టెన్షన్ పడుతోంది. తీయించేయమంటారా?”

సిగ్నల్ ఉన్న మాట నిజం. అది మీ మాటలు వింటోందన్నది నిజం కాదు. మీరు చెప్పిన మూడింటికీ కారణం ఒకటే అనుకుంటున్నారు గాని, ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. పర్లాకిమిడిలో కేబుల్ కంట్రోల్ రూమ్‌లో చాలా ఏళ్లు పనిచేసి, తర్వాత గుణుపురం, రాయగడ వైపు డిష్‌లు బిగిస్తూ తిరిగినవాణ్ణి. అటు పంపే చోటూ, ఇటు చూసే ఇల్లూ రెండూ ఎరుగుదును కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ఒక్క సంగతి ముందుగా పట్టుకుంటే మిగతాది తేలిగ్గా తెలుస్తుంది. డిష్‌లోంచి వచ్చేదంతా ఒకే వైపు ప్రయాణం. పైనుంచి కిందికి వస్తుంది, మీ ఇంటి నుంచి పైకి ఏదీ పోదు. డిష్ ముందు కర్రకు బిగించి ఉండే ఎల్‌ఎన్‌బీ అందుకోవడానికే గాని పంపడానికి పనికిరాదు. మన వైపు కేబుల్‌లోనూ ఎక్కువ చోట్ల ఇంతే. కాబట్టి ప్రసారంలో ఎంత రహస్యంగా ఏ సంకేతం దాచినా, అది మీ బాక్స్‌కి ‘ఇప్పుడు ఇది చెయ్యి’ అని చెప్పగలదు, అంతే. మీ ఇంట్లో సంగతులు పట్టుకుపోవాలంటే వేరే దారి ఉండాలి. ఆ దారి మీ వైఫై. ఎవరైనా ‘టీవీ నిఘా పెట్టింది’ అంటే నేను మొదట చూసేది వెనక ఇంటర్నెట్ తగిలించి ఉందా లేదా అని.

ఇక దాచిన సిగ్నల్ సంగతి. ఇది కొత్త విద్య కాదు. పాత డబ్బా టీవీల్లో ఒక్కోసారి బొమ్మ నిలవక పైకి దొర్లుతూ పోయేది. అప్పుడు ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య అడ్డంగా నల్లటి పట్టీ కనిపించేది, గుర్తుందా? ఆ పట్టీ ఎప్పుడూ ఉండేదే, మామూలప్పుడు తెర అంచు వెనక దాక్కునేది. మన దేశంలో వాడిన పాల్ అనే ప్రసార పద్ధతిలో ఒక ఫ్రేముకు 625 గీతలుంటే, అందులో బొమ్మ గీసేవి సుమారు 576. అమెరికా వాళ్ల పద్ధతిలో 525కి సుమారు 480. మిగతా గీతల వేళకు ట్యూబులోని కిరణం కింది నుంచి మళ్లీ పైకి చేరుకోవాలి, ఆ కాస్త టైముకే అవి. ఖాళీగా పోతున్న ఆ గీతల్లో కాస్త సమాచారం పెడితే ఎవరికీ అడ్డు రాదు కదా అని ఇంజనీర్లకు తట్టింది. వార్తల్లాంటివి తెర మీద రాతగా చూపించే టెలిటెక్స్ట్ అక్కడే వచ్చింది. చెవిటివారి కోసం అమెరికాలో మాటల్ని రాతగా చూపించే క్యాప్షన్లు 21వ గీతలో వచ్చేవి. పట్టీ దొర్లుతున్నప్పుడు అందులో తెల్లటి చుక్కలు మిలమిలలాడితే అది పాడైన టీవీ కాదు, డేటా.

ఆ 21వ గీతనే తర్వాత వ్యాపారం పట్టుకుంది. టీవో అనే కంపెనీని 1997లో మైక్ రామ్సే, జిమ్ బార్టన్ అమెరికాలో స్థాపించారు. 1999లో వాళ్ల రికార్డర్ బజారుకు వచ్చింది. హార్డ్ డిస్క్ మీద సీరియల్ దాచుకోవడం, నడుస్తున్న ప్రసారాన్ని ఆపడం, యాడ్లు పరిగెత్తించడం, ఇవన్నీ జనానికి అలవాటు చేసిన పెట్టె అది. యాడ్లు పరిగెత్తిస్తుంటే ఛానళ్లు ఊరుకుంటాయా? రాబోయే కార్యక్రమం గురించి ఛానల్ ప్రోమో వేసేటప్పుడు, క్యాప్షన్లు వెళ్లే ఆ గీతలోనే ఒక చిన్న గుర్తు కలిపి పంపేవారు. మామూలు టీవీకి అది కనిపించదు. టీవో పెట్టె మాత్రం దాన్ని పట్టుకుని తెర మూల బొటనవేలి బొమ్మ చూపించేది. రిమోట్‌లో ఆ బటన్ నొక్కితే ఆ కార్యక్రమం దానంతటదే రికార్డింగ్ జాబితాలో చేరిపోయేది. అక్కడితో ఆగి ఉంటే నిజానికి అది ఉపకారమే.

ఆగలేదు. తెల్లవారుజామున ఎవరూ చూడని వేళ ఒక ఛానల్లో అరగంట కొనుక్కుని, అందులో ప్రకటనల వీడియోలు నింపి పంపేవారు. పెట్టెలు వాటిని యజమానికి కనిపించకుండా రికార్డు చేసి, డిస్క్‌లో వేరుగా ఉంచిన జాగాలో దాచుకునేవి. పొద్దున మెనూలో చూస్తే కొత్త యాడ్ సిద్ధం. 2002లో బ్రిటన్‌లో ఇంకో అడుగు వేశారు. ఎవరూ అడగకుండానే ఒక బీబీసీ కామెడీ ఎపిసోడ్ జనాల పెట్టెల్లో రికార్డయింది, వెంటనే చెరిపేయడానికీ వీల్లేకుండా. జనం మండిపడ్డారు. డబ్బు పెట్టి కొన్న డిస్క్‌లో అడగనిది తెచ్చి పడేస్తే మండదా మరి! ఆ తర్వాత 2005 నాటికి ఫార్వర్డ్ నొక్కినప్పుడు తెర మీద ప్రకటన పట్టీ చూపించే పద్ధతి వచ్చింది. మీ అమ్మగారిని విసిగిస్తున్న పట్టీకి మూలపురుషుడు అదే.

ఇక్కడ చాలామందికి తట్టని కిటుకు ఒకటుంది. ఆ గుర్తు యాడ్‌తో పాటే రికార్డయిపోతుంది. అంటే అది పని మొదలుపెట్టేది ప్రసారమైనప్పుడు కాదు, మీరు చూసినప్పుడు. రాత్రి రికార్డు పెట్టిన సీరియల్‌ను మర్నాడు పరిగెత్తిస్తుంటే, డిస్క్‌లో పడుకుని ఉన్న గుర్తు బాక్స్ కంటపడుతుంది, బాక్స్ తన దగ్గరున్న పట్టీ తీసి అతికిస్తుంది. పట్టీలోని బొమ్మ ఇవాళ్టిది కావచ్చు, కింద పరిగెత్తే యాడ్ పాతది కావచ్చు. అందుకే పోయిన పండక్కి రికార్డు చేసిన కార్యక్రమం మీద ఈ వారం ఆఫర్ కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మీ ఇంట్లో జరిగేది ఈ రకమా కాదా అన్నది కూర్చున్న చోటే తేల్చుకోవచ్చు. యాడ్ల జోలికి పోకండి. సీరియల్లో అత్తాకోడళ్లు మాట్లాడుకుంటున్న సీను మధ్యలో పాజ్ నొక్కండి. పట్టీ వచ్చిందా? ఇంకో చోట నొక్కండి. అప్పుడూ వచ్చిందా? అయితే ప్రసారంలోని సిగ్నల్‌కీ దానికీ సంబంధం లేదు. మీ వేలే దానికి సిగ్నల్. పాజ్, వాల్యూమ్, గైడ్ బటన్లు నొక్కినప్పుడు ఖాళీ జాగాలో ప్రకటన చూపించమని బాక్స్ సాఫ్ట్‌వేర్‌లోనే రాసి ఉంటుంది. ఆ బొమ్మలు మీరు నిద్రపోతున్నప్పుడు శాటిలైట్ ద్వారానే వచ్చి బాక్స్‌లో చేరతాయి, నెట్ కూడా అక్కర్లేదు. ఏవో కొన్ని యాడ్ల మీద మాత్రమే పట్టీ వచ్చి, మిగతా చోట్ల రాకపోతేనే గుర్తు ఉందని అనుమానించాలి. మీరు రాసిన తీరు చూస్తే మీది వేలు నొక్కితే వచ్చే రకమనే నా అంచనా. దానికి ఛానల్ వాళ్లను తిట్టి లాభం లేదు, ఆ పట్టీ వాళ్లది కాదు, డిష్ కంపెనీది.

ఇప్పుడు రెండో సంగతికి, చెల్లెలి ఇంట్లో వేరే యాడ్ రావడానికి వద్దాం. డిజిటల్ వచ్చాక ఖాళీ గీతలూ నల్ల పట్టీలూ పోయాయి, వాటి పని చేసే కొత్త ఏర్పాటు వచ్చింది. ఛానల్ తన స్టూడియో నుంచి పంపే ప్రవాహంలో బొమ్మ ఒక పాయ, శబ్దం ఒక పాయ, దాంతో పాటు చిన్న సందేశాల పాయ ఇంకోటి ఉండొచ్చు. ‘ఇంకో నాలుగైదు సెకన్లలో బ్రేకు మొదలవుతుంది, ఇంతసేపు ఉంటుంది’ అని చెప్పే సందేశం అందులో వెళ్తుంది. దీనికి అమెరికా కేబుల్ ఇంజనీర్ల సంఘం పెట్టిన ప్రమాణం పేరు ఎస్‌సీటీఈ-35, 2001లో మొదలైంది. పరిశ్రమలో అందరూ క్యూ అంటారు, వరుస అని కాదు, సైగ అని అర్థం. రైలు బయల్దేరే ముందే దారిలో ఉన్న గేటుకు స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, గేట్‌మ్యాన్ గేటు వేస్తాడు. క్యూ చేసే పనీ అంతే. రైల్లో ఎవరున్నారో ఆ ఫోన్ చెప్పదు.

అంతకుముందు అనలాగ్ రోజుల్లో ఈ కబురు ఫోన్ బటన్లు నొక్కితే వచ్చే బీప్ స్వరాల్లో వెళ్లేది. శాటిలైట్ ఫీడ్‌తో పాటు వేరుగా వచ్చే ఆడియోలో ఆ స్వరాలుండేవి. కేబుల్ కంట్రోల్ రూమ్‌లోని యంత్రం విని, తన టేపులోని లోకల్ యాడ్‌కు మార్చేది. ఒక్కోసారి ఆ స్వరాలు పొరపాటున అసలు ఆడియోలో కలిసిపోయి ఇళ్లలో కూడా వినిపించేవట. అమెరికాలో పాత కేబుల్ ప్రేక్షకులకు ఇది బాగా తెలిసిన శబ్దం.

కొత్త పద్ధతిలో టైము లెక్క చాలా సూక్ష్మం. సెకనును 90,000 భాగాలు చేసే గడియారం ప్రకారం, సరిగ్గా ఏ ఫ్రేము దగ్గర కోయాలో చెబుతారు. క్రికెట్లో ఓవర్ ఎప్పుడు అయిపోతుందో ముందే ఎవరికీ తెలియదు కాబట్టి, అక్కడ ఒక మనిషి బటన్ దగ్గర కూర్చుని ఆఖరి బంతి పడగానే నొక్కుతాడు. ఫోన్లో మ్యాచ్ చూస్తుంటే పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి వేర్వేరు యాడ్లు రావడం మీరు చూసే ఉంటారు. ఆ మార్పిడికి కూడా ముందు ఆధారం ఈ క్యూనే, దాన్ని సర్వర్ చదివి ఎవరి యాడ్ వాళ్లకు అతికిస్తుంది.

కంటితో చూడాలని సరదా ఉంటే ఒక పని చేయొచ్చు. మామూలు ఫ్రీ డిష్ బాక్స్‌లో పెన్ డ్రైవ్ పెట్టి ఉచిత ఛానల్ ఏదైనా కాసేపు రికార్డు చేయండి. చాలా చౌక బాక్సులు దాన్ని తాళం వేయకుండా టీఎస్ ఫైలుగా రాస్తాయి. ఆ ఫైలంతా 188 బైట్ల చిన్న చిన్న పొట్లాలే. ప్రతి పొట్లం మొదటి బైట్ విలువ ఒకటే, కంప్యూటర్ దాన్ని ఇంగ్లిష్ ‘జీ’ అక్షరంగా చూపిస్తుంది. ఫైల్లోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్లో తెరిచి వరుసకు 188 బైట్లు ఉండేలా పెడితే, ఎడమ అంచున పైనుంచి కిందికి జీలు నిలువుగా బారు తీరి కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లకు భలే ముచ్చటేస్తుంది. టీఎస్‌డక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి ఈ ఫైలు ఇస్తే ఏ పాయలో ఏముందో జాబితా వేస్తుంది, క్యూలుంటే అవీ చూపిస్తుంది. కాకపోతే ఇళ్ల దాకా వచ్చే ప్రసారంలో చాలాసార్లు క్యూలు తీసేసి పంపుతారు. కనబడకపోతే మీ ప్రయోగం తప్పనుకోకండి. ఇంకో మాట, మీ డబ్బు కట్టే డిష్ బాక్స్ రికార్డింగుతో ఇది కుదరదు, అది ఆ బాక్స్‌కే తప్ప ఇంకెవరికీ తెరుచుకోకుండా తాళం వేసి ఉంటుంది.

మరి రాయగడకొక యాడ్, పార్వతీపురానికొక యాడ్ ఎలా? శాటిలైట్‌కు సరిహద్దు తెలియదు. మన డిష్ సర్వీసులకు దేశమంతటి మీదా ఒకటే పుంజం (బీమ్) పడుతుంది. మీ రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద, 83.4 డిగ్రీల దగ్గర ఉన్నాయి. 83 డిగ్రీల శాటిలైట్‌కు బిగించిన డిష్ అయితే రెండు చోట్లా ఇంచుమించు నేరుగా దక్షిణానికే చూస్తుంది. ఒకే శాటిలైట్, ఒకే పుంజం, ఒకే యాడ్. కాబట్టి తేడా అంటూ పుట్టాలంటే అది నేల మీదే పుట్టాలి. అయితే మీ ఇంటి బాక్స్‌లో, లేకపోతే కేబుల్ వాడి కంట్రోల్ రూమ్‌లో.

కంట్రోల్ రూమ్‌లో ఎలాగో మన దేశంలోనే ఉదాహరణ ఉంది. బెంగళూరులో 2008లో మొదలైన అమాగి అనే సంస్థ ఈ పని చేసింది. శాటిలైట్‌లో వెళ్లే యాడ్‌లో కంటికీ చెవికీ అందని గుర్తు, అంటే వాటర్‌మార్క్, వేసేవారు. ఊళ్లలోని హెడ్‌ఎండ్ దగ్గర, అంటే కేబుల్ కంట్రోల్ రూమ్‌లో, వాళ్ల పెట్టె ఒకటి ఉండేది. ఆ గుర్తు వేసిన యాడ్ రాగానే అది పట్టుకుని, ఆ ఊరికి ఉద్దేశించిన యాడ్‌ను సరిగ్గా అంతే నిడివిలో దాని స్థానంలో పెట్టేది. ఇక బాక్స్ విషయానికొస్తే, డిష్ కంపెనీ ప్రతి బాక్స్‌కూ విడిగా గాని, గుంపులుగా గాని సందేశం పంపగలదు. మీరు రీఛార్జ్ చేయగానే మీ ఒక్క బాక్స్‌కే ఛానళ్లు తెరుచుకోవడం లేదూ? అదే ఏర్పాటుతో ఒడిశా చిరునామా ఉన్న బాక్సులకు ఒక బొమ్మ, ఆంధ్ర చిరునామా ఉన్నవాటికి ఒక బొమ్మ చూపించమని చెప్పొచ్చు.

ఈ చిరునామా దగ్గరే మన సరిహద్దు వాళ్ల తమాషా అంతా. రాయగడలో, పర్లాకిమిడిలో, బరంపురంలో తెలుగు ప్యాక్ సులువుగా దొరుకుతుందని, మామయ్య ఊరి అడ్రసు ఇచ్చి కనెక్షన్ తీసుకున్నవాళ్లు బోలెడుమంది. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతిలో ఏ ఛానల్ కావాలంటే అది విడిగా ఎంచుకోవచ్చు గనక ఇప్పుడు ఆ అవసరం లేదు, పాత అడ్రసులు మాత్రం అలాగే నడుస్తున్నాయి. అలాంటి బాక్స్ ఒడిశాలో ఉన్నా కంపెనీ లెక్కలో ఆంధ్రలో ఉన్నట్టే. పాతపట్నం, పర్లాకిమిడి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఊళ్లు. పర్లాకిమిడి చీరల కొట్టుకు పాతపట్నం నుంచి జనం వస్తారు. రాష్ట్రాల వారీగా యాడ్లు పంచే కంప్యూటరుకు ఆ సంగతి పట్టదు. అందుకే మన కొట్ల వాళ్లు ఇప్పటికీ కేబుల్ వాడి లోకల్ ఛానల్లో సినిమా కింద పరిగెత్తే స్క్రోలింగునే నమ్ముకుంటారు. నన్నడిగితే వాళ్లదే తెలివి.

అయితే మీ చెల్లెలి విషయంలో ఇంత దూరం పోకముందు ఒక చిన్న ప్రశ్న అడగండి. ఆవిడ చూసేది హెచ్‌డీనా, మీరు చూసేది ఎస్‌డీనా? పేరు ఒకటే అయినా అవి వేరు వేరు ఫీడ్లు, చాలా ఛానళ్లు వాటిలో వేరు వేరు యాడ్లు అమ్ముకుంటాయి. నా అనుభవంలో ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోయాయి. రెండు ఇళ్లలోనూ ఒకే రకం ఉంటే అప్పుడు ఫోన్ చేసుకుని, బ్రేకులో వరుసగా వచ్చే యాడ్ల పేర్లు చెప్పుకోండి. డిష్‌కూ కేబుల్‌కూ నెట్‌కూ మధ్య కొన్ని సెకన్ల తేడా ఉంటుంది కాబట్టి ‘ఇప్పుడే నీకూ వచ్చిందా’ అని కాకుండా వరుస చూడాలి. వరుసంతా ఒకటే అయ్యి, మధ్యలో ఒక్కటి మాత్రం మారితే ఎవరో మార్చినట్టు. పూర్తిగా వేరే వరుసైతే ఫీడే వేరు.

ప్రశ్నలో లేకపోయినా, అమ్మగారు తప్పకుండా చూసి ఉండే ఒక విషయం చెబుతాను. సీరియల్ మధ్యలో ఉన్నట్టుండి తెర మీద ఎక్కడో ఒక చోట పొడుగాటి అంకె కనిపించి, కాసేపటికి మాయమవుతుంది. చాలామంది దాన్ని చూసే భయపడతారు. అది మీ బాక్స్ నంబరో, కార్డు నంబరో. ఛానల్ గాని, డిష్ కంపెనీ గాని పైనుంచి ఆజ్ఞ పంపితే బాక్స్ దాన్ని చూపించి తీరాలి, ఈ సౌకర్యం బాక్సుల్లో ఉండాలని ట్రాయ్ నిబంధన. ఎవరైనా ప్రసారాన్ని కాపీ చేసి బయట పెడితే, లేదా ఇంటి డిష్ కనెక్షన్ తీసుకుని ఊరంతటికీ వైర్లు లాగితే, ఆ వీడియోలో అంకె చూసి ఏ బాక్సో పట్టుకుని ఆపేస్తారు. కొండ మీద ఊళ్లలో ఇలా పంచుకునేవాళ్లు దొరికిపోయేది దీనితోనే. మీరు ఇంట్లో చూసుకుంటున్నంత వరకు ఆ అంకెతో మీకు పని లేదు.

ఇంకో దాచిన సిగ్నల్ కూడా మీ ఇంట్లో రోజూ మోగుతోంది, నిజంగా దాచిందంటే ఇదే. టీఆర్పీ లెక్కలు కట్టే బార్క్ సంస్థ కోసం ఛానళ్లు తమ శబ్దంలో వాటర్‌మార్క్ కలుపుతాయి. మన చెవికి తెలియదు. ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలో పెట్టిన మీటర్ దాన్ని విని, ఏ ఛానల్ నడుస్తోందో రాసుకుంటుంది. మీటర్ లేని ఇంట్లో అది వినేవాడు లేని కబురు. మీ బాక్స్ దాన్ని పట్టించుకోదు.

ఇక మూడోది, ఫోన్. ఇక్కడ మాత్రం మీ అమ్మగారి అనుమానంలో కాస్త పస ఉంది, దొంగ మాత్రం వేరు. టీవీ యాడ్లో మనిషి చెవికి అందని సన్నటి శబ్దం పెట్టి, దాన్ని ఫోన్లోని యాప్ వినేలా చేసే ప్రయత్నం నిజంగానే జరిగింది. మన దేశంలో పుట్టిన సిల్వర్‌పుష్ కంపెనీదే ఆ టెక్నాలజీ. 18 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే శబ్దం అది. 2016 మార్చిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని వాడిన 12 మంది యాప్ తయారీదారులకు హెచ్చరిక లేఖలు పంపింది. మరుసటి ఏడాది జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ యూనివర్సిటీ పరిశోధకులు 234 ఆండ్రాయిడ్ యాప్‌లలో ఆ వినే కోడ్ కనిపెట్టారు. కాని టీవీ ప్రసారాల్లో వెతికితే ఆ శబ్దం వాళ్లకు దొరకలేదు. దొరకకపోవడంలో వింత కూడా లేదు. శబ్దాన్ని కుదించి పంపేటప్పుడు ముందుగా కోత పడేది ఆ పై స్థాయిలోనే. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో, 12వ వెర్షన్ నుంచి, ఏ యాప్ మైక్ వాడినా పైన కుడి మూల ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. సీరియల్ నడుస్తున్నప్పుడు ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఆ మూల చూస్తే అమ్మగారికే ధైర్యం వస్తుంది.

అసలు అనుమానించాల్సింది టీవీని. బాక్స్‌ని కాదు, టీవీని. స్మార్ట్ టీవీల్లో తెర మీది బొమ్మనూ శబ్దాన్నీ మధ్యమధ్యలో చిన్న ముద్రగా తీసి, నెట్ ద్వారా కంపెనీకి పంపే ఏర్పాటు ఉంటుంది. అక్కడ పెద్ద జాబితాతో పోల్చి, మీరు ఏం చూస్తున్నారో తేలుస్తారు. దీనికి ప్రసారంలో ఏ సిగ్నలూ అక్కర్లేదు, బొమ్మే సాక్ష్యం. అమెరికాలో విజియో కంపెనీ కోటి పది లక్షల టీవీల నుంచి చెప్పకుండా ఇలా సమాచారం తీసిందని తేలి, 2017లో 22 లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. 2024లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లూ మరికొందరు పరిశోధకులూ చూపించింది మీకు నేరుగా తగులుతుంది: హెచ్‌డీఎంఐ వైరుతో బయటి పెట్టె తగిలించినా కొన్ని టీవీలు ఈ ముద్రలు తీస్తూనే ఉన్నాయి. అంటే మీ డిష్ బాక్స్‌కి నెట్ లేకపోయినా, అది చూపించే సీరియల్‌ను టీవీ గమనించగలదు. ఇక మీ టీవీ, మీ ఫోన్ ఒకే వైఫై మీద ఉంటే బయటివాడికి రెండూ ఒకే ఇంటివని తెలియడం ఎంతసేపు! ఇది కాక, టీవీలో చూసిన వస్తువు ధర ఎంతో అని ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్లో వెతికి ఉంటారు, ఆ సంగతి మర్చిపోయి ఉంటారు. అదీ కలుపుకోండి.

కాబట్టి బాక్స్ తీయించక్కర్లేదు. టీవీ సెట్టింగుల్లో ప్రైవసీ అనో, నిబంధనలు అనో ఉన్న చోటికి వెళ్లి, చూసే కార్యక్రమాల సమాచారం పంపడానికి, ఆసక్తులను బట్టి ప్రకటనలు చూపడానికి ఇచ్చిన అనుమతులు తీసేయండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, ఒకే చోట ఉండదు, ఓపిగ్గా వెతకాలి. యూట్యూబ్ లాంటివి టీవీలో చూడకపోతే టీవీకి వైఫై పాస్‌వర్డే మరిచిపోయేలా చేయండి, అన్నిటికన్నా అదే గట్టి మందు. బాక్స్‌కి కూడా నెట్ తగిలించి ఉంటే తీసి కొన్నాళ్లు చూడండి. రికార్డింగ్‌కు నెట్ అవసరం లేదు. పాజ్ పట్టీ మాత్రం వీటితో పోదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ప్రకటనలు ఆపే వీలుందా అని అడగండి, కొన్ని బాక్సుల మెనూలో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఉండకపోతే పాజ్ నొక్కాక బ్యాక్ బటన్ నొక్కి చూడండి, చాలా బాక్సుల్లో పట్టీ తప్పుకుంటుంది.

కస్టమర్ కేర్ వాళ్లు ఏం చెప్పినా చివరికి ‘ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి’ అంటారు. దానితో పట్టీ పోదు. పైగా కొన్ని బాక్సుల్లో డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, ఆ రికార్డింగులు వేరే చోటికి ఎక్కించుకోవడం ఎలాగూ కుదరదు. అమ్మగారు చూడాల్సిన ఎపిసోడ్లు ఇంకా ఉంటే అవన్నీ అయ్యేదాకా రీసెట్ మాట ఎత్తనివ్వకండి.